డోర్నకల్ నుంచి నంద్యాల దాకా

డోర్నకల్ అనగానే మనలో చాలామందికి జ్ఞాపకం వచ్చేది జంక్షన్. కాజీపేట నుంచి విజయవాడ పోయే దారిలో, కొత్తగూడెం బొగ్గుగనుల వైపు లైను చీలేచోట బండి ఆగుతుంది. దిగి టీ తాగుతాం. కూత వినబడగానే ఎక్కి కూర్చుంటాం. ప్లాట్‌ఫారం దాటి ఊళ్ళోకి వెళ్ళినవాళ్ళు తక్కువ. పాతికేళ్ళుగా ఆ దారిన తిరుగుతున్న నేను కూడా ఈ వేసవి సెలవుల్లోనే మొదటిసారి అక్కడ దిగాను. పాత క్రైస్తవ అచ్చుపుస్తకాల్లో తెలుగు ఎలా ఉండేదో చూడాలని ఒక పని పెట్టుకున్నాను. ఆ పని డోర్నకల్‌లో మొదలై నంద్యాలలో ముగిసింది. పుస్తకాల సంగతి మరోసారి మనవి చేస్తాను. పుస్తకాల కంటే దారి నాకు ఎక్కువ చెప్పింది.

ఊరు చిన్నది. ఎవరిని అడిగినా పెద్ద గుడి వైపు చేయి చూపిస్తారు. దొరల కాలపు చర్చి అంటే ఆకాశానికి గుచ్చుకునే శిఖరం, రంగుటద్దాల కిటికీలు ఉంటాయనుకుని వెళ్ళే మనిషి ఇక్కడ తికమకపడతాడు. దూరానికి గుమ్మటాలు కనబడి మసీదేమో అనిపిస్తుంది. దగ్గరికి వెళితే రాతి స్తంభాలు ఏ పాత దేవాలయపు ముఖమండపాన్నో జ్ఞాపకం చేస్తాయి. గుమ్మటాల గురించి, స్తంభాల గురించి పండితులు ఏమైనా చెప్పవచ్చు. నాకు మాత్రం, ఎవరి ఇంట్లోకో వచ్చాననే బెరుకు లేకుండా మెట్లెక్కగలిగాను, అది చాలుననిపించింది. దీని పేరు ఎపిఫనీ కెథీడ్రల్. తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును దర్శించిన పండుగ పేరు అది. ఆ పండుగనాడే, 1939 జనవరి 6న, దీనికి ప్రతిష్ఠ జరిగింది.

కట్టించినవారు అజరయ్య బిషప్పు గారు. ఆయన సమాధి కూడా ఆ ఆవరణలోనే ఉన్నది. ఆయన తెలుగువారు కారు. తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో 1874లో పుట్టారు. 1903లో అక్కడి క్రైస్తవులు, దొరల డబ్బు లేకుండా మనమే మన దేశంలో ఒక మిషను నడుపుకుందామని ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి పని చేయవలసిన ఊరుగా దొరికింది నిజాం రాజ్యంలోని ఈ డోర్నకల్. 1909లో అజరయ్య గారు స్వయంగా ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎద్దుబండి మీద ఊళ్ళు తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. జీవితంలో చివరి పాతికేళ్ళు ఆయన్ను పట్టి పీడించిన సంగతి ఒకటున్నది. ఒకే ప్రభువు పేరు చెప్పుకునేవాళ్ళు ఒకే పంక్తిన కూర్చుని ఆయన రొట్టె తినలేకపోవడమేమిటి అని.

ఈ ప్రశ్న బరువు తెలియాలంటే కొంచెం భూగోళం చెప్పుకోవాలి. పాతకాలపు తెలుగు క్రైస్తవుల్లో ఎవరు ఏ శాఖవారో తెలుసుకోవడానికి వేదాంతం అక్కర్లేదు, పటం చాలు. మచిలీపట్నం, బెజవాడ వైపు ఆంగ్లికన్లు. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ గారి పేరు నోబుల్ కాలేజీ వల్ల మనకందరికీ తెలుసు. గుంటూరులో 1842లో హయ్యర్ గారు దిగారు కనుక అక్కడ లూథరన్లు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులు. మెతుకుసీమలో వెస్లీ గారి మెథడిస్టులు. 1924లో వాళ్ళు మెదకులో కట్టిన మహామందిరాన్ని చూడనివారు మన పాఠకుల్లో తక్కువ. కడప, జమ్మలమడుగు లండన్ మిషను వారివి. నంద్యాల మళ్ళీ ఆంగ్లికన్లది. కాని అది ఎస్.పి.జి. అనే వేరొక మిషను, సంప్రదాయంలో మరి నాలుగాకులు ఎక్కువ చదివినది.

ఒకరి పొలంలో ఒకరు నాగలి పెట్టకూడదని ఈ మిషన్లు తమలో తాము ఒప్పందాలు చేసుకున్నాయి. పోట్లాడుకోవడం కంటే అది మంచిదే. కాని దాని ఫలం చూడండి. ఏటికి ఇవతల గుడిసె వేసుకున్నవాడు లూథరన్ అయినాడు, అవతల వేసుకున్నవాడు బాప్టిస్టు అయినాడు. మూడు తరాలు గడిచేసరికి ఇవతలివాడి మనవడికి అవతలివాడి మనవణ్ణి చూస్తే అనుమానం. "వాళ్ళది సరైన బాప్తిస్మం కాదట" అని ఒకరు, "వాళ్ళ గురువులకు సరైన పట్టం లేదట" అని ఒకరు. ఈ నమ్మకాల కోసం యూరపులో వెనకటికి మనుషులు ప్రాణాలిచ్చారు, ప్రాణాలు తీశారు కూడా. మనవాళ్ళకు మాత్రం అవి ఏటి ఒడ్డున దొరికినవి. అలా దొరికినంత మాత్రాన వాటిని పట్టుకునే పట్టు తక్కువేమీ కాదు.

1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది క్రైస్తవ గురువులు సమావేశమైనారు. ఇద్దరు తప్ప అందరూ మన దేశస్థులే. అజరయ్య గారు అధ్యక్షులు. ఈ చీలికలు మేము చేసుకున్నవి కావు, బయటినుంచి వచ్చి మా నెత్తిన పడినవి, వీటిని మోసుకుంటూ పోవాలని మాకు లేదు అని వారు ఒక ప్రకటన చేశారు. ప్రకటన రెండురోజుల పని. దాన్ని ఆచరణలో పెట్టడానికి 28 ఏళ్ళు పట్టింది.

అంతకాలం ఎందుకు పట్టిందో మనకు అర్థం కావడం కష్టం కాదు; గురుపరంపర అనే మాట మనకున్నది. బిషప్పు మరొక బిషప్పు తలమీద చేయి ఉంచి పట్టం ఇస్తాడు, ఆ చేతుల గొలుసు అపొస్తలుల దాకా వెళుతుంది, ఆ గొలుసులోని వాడి చేతిమీదుగా పట్టం పొందినవాడే గురువు అని ఆంగ్లికన్ల నమ్మకం. మెథడిస్టులకు, లండన్ మిషను వారికి బిషప్పులు లేరు. అక్కడ గురువులకు పట్టం ఇచ్చేది గురువుల సభే. ఇప్పుడు అందరూ కలవాలంటే ఏం చేయాలి? "మీకు మళ్ళీ పట్టం ఇస్తాం, రండి" అంటే, నలభై ఏళ్ళు పల్లెల్లో తిరిగి చావుకూ పెళ్లికీ ప్రార్థన చేసిన ముసలి పాదిరిని, ఇంతకాలం నువ్వు చేసింది ఉత్త తంతు అన్నట్టే. ఇవ్వకుండా కలుపుకుంటే, గొలుసును ప్రాణంగా చూసుకునేవాడి మనసు విరిచినట్టే. ఎటు చూసినా ఒకరి మీద తీర్పు చెప్పకుండా అడుగు పడదు.

చివరికి వాళ్ళు కనిపెట్టిన దారి నాకు చాలా నచ్చింది. ఎవరిది సరి అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా పక్కన పెట్టారు. ఇప్పటికే గురువులుగా ఉన్నవారందరూ గురువులే. ఎవరికీ మళ్ళీ పట్టం లేదు. ఇకమీదట పట్టం పొందేవారికి మాత్రం బిషప్పులే ఇస్తారు. అంతేకాక ఒక మాట ఇచ్చుకున్నారు. ఏ ఊరి సంఘం మీదా దానికి అలవాటులేని ఆరాధననుగాని, దాని మనస్సాక్షి ఒప్పుకోని గురువునుగాని బలవంతాన రుద్దకూడదని. ఇలా 30 ఏళ్ళు కలిసి బతికిన తరువాత, మిగిలిన చిక్కు గురించి అప్పుడు కూర్చుని ఆలోచించుకోవాలని. పెళ్లికి ముందే అన్ని తగవులూ తీర్చుకోవాలనుకుంటే ఏ పెళ్లీ జరగదని తెలిసిన పెద్దలెవరో ఆ సభలో ఉండి ఉంటారు.

స్వాతంత్ర్యం వచ్చిన ఆరువారాలకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెంట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే ఈనాడు మనం సి.ఎస్.ఐ. అనేది, ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే కలిసివున్న ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు ఒకటైనారు. బిషప్పులన్న మాటే లేని స్కాట్లండ్ సంఘం నుంచి వచ్చిన లెస్లీ న్యూబిగిన్ అనే 37 ఏళ్ళ పాదిరి గారు మధుర వైపు బిషప్పు అయినారు. లూథరన్లు, బాప్టిస్టులు చేరలేదు. అజరయ్య గారు ఆ రోజు చూడలేదు. పోయి అప్పటికి రెండున్నరేళ్ళు దాటింది.

సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ఇక్కడొక వింత. ఈ ఐక్యతను గట్టిగా వ్యతిరేకించినవారిలో టి.యస్. ఇలియట్ ఒకరు. అవును, ఆ కవిగారే. ఇది కలపడం పేరిట కూల్చడమని 1943లో లండన్‌లో ఒక చిన్న పుస్తకమే వేశారాయన. తెలుగు పల్లెల్లో, తమిళ పల్లెల్లో రొట్టె ఎవరు విరవాలన్న విషయమై అంత పెద్ద కవి కలం పట్టాడంటే నవ్వు వస్తుంది ముందు. ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. నమ్మినదాన్ని అంత గట్టిగా పట్టుకునే మనిషిని మూర్ఖుడనడం సులువు. ఆ మాట అన్నామంటే మనం చేసిందీ తీర్పే. ఇంగ్లండులోని ఆంగ్లికన్ సంఘం ఈ కొత్త సంఘంతో పరిమితంగానైనా సంస్కారంలో పాలు పంచుకోవచ్చునని ఒప్పుకోవడానికి 1955 దాకా పట్టింది.

ఇందులో అన్నిటికంటే మనసుకు పట్టేది మరొకటున్నది. అజరయ్య గారి ఏలుబడిలో నంద్యాల ప్రాంతం కూడా ఉండేది. ఐక్యత కోసం ప్రాణం పెట్టిన బిషప్పు గారి సొంత డయాసిస్ ఐక్యతలో చేరిన రోజున, అందులోని నంద్యాల ఆంగ్లికన్లలో పెద్ద భాగం మేము రామని నిలిచిపోయింది. కలకత్తా పెద్ద బిషప్పు గారి కింద, పాత సంఘంలోనే ఉండిపోయింది. డోర్నకల్‌లో సమాధి దగ్గర నిలుచున్నప్పుడే నంద్యాల చూడాలనుకున్నాను.

విజయవాడలో దిగి గుంటూరు చేరి అక్కడినుంచి నంద్యాల బండి ఎక్కాను. ఈ లైను మీద పోతూంటే ఇందాక చెప్పిన పటం కిటికీలోంచి కదులుతూ కనిపిస్తుంది. గుంటూరు లూథరన్లది. కాసేపటికి ఫిరంగిపురం, బాలయేసు గుడితో పేరు పొందిన కతోలికుల ఊరు. నరసరావుపేటలో లూథరన్లూ బాప్టిస్టులూ ఇరుగుపొరుగులు. వినుకొండ, మార్కాపురం, కంభం బాప్టిస్టు ఊళ్ళు. నల్లమల అడ్డం వచ్చి గిద్దలూరు రాగానే ఆంగ్లికన్లు.

గుంటూరులో నా ఎదుటి బెంచీ మీదికి ఒక రిటైరైన స్కూలు మాస్టారు, ఆయన భార్య, ఆయన చెల్లెలు వచ్చి కూర్చున్నారు. మాస్టారు దంపతులు లూథరన్లు. చెల్లెలుగారు భక్తసింగ్ గారి సహవాసంలోని కుటుంబంలో మెట్టారు. పంజాబులో సిక్కు ఇంట పుట్టి, హైదరాబాదులో హెబ్రోను స్థాపించిన భక్తసింగ్ గారి (1903–2000) పేరు తెలుగుదేశంలో వినని క్రైస్తవుడుండడు. ఆ సహవాసంవారు చాపల మీద కూర్చుని ఆరాధిస్తారు, ఆరాధన కాగానే అందరూ కలిసి భోంచేస్తారు. ఆ పెద్దావిడ ఒంటిమీద తెల్లచీర తప్ప మరేమీ లేదు. చెవులకు దుద్దులు లేవు, చేతులకు గాజులు లేవు, తలలో పూలు లేవు. పక్కనే వదినగారు నిండుగా ముత్తయిదువలా కూర్చున్నారు.

వాళ్ళు మార్కాపురం వెళుతున్నారు. మాస్టారి మనవరాలికి అక్కడి బాప్టిస్టు కుటుంబంలో సంబంధం కుదిరింది. అబ్బాయి, అమ్మాయి ఒకరినొకరు ఇష్టపడ్డారు, కట్నకానుకల పేచీ లేదు. అబ్బాయి తరఫు పెద్దలు ఒక్కటే అడిగారు: అమ్మాయికి నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇప్పించాలని. లూథరన్లు పసిబిడ్డలకే నీళ్ళు చిలకరించి ఇస్తారు. బాప్టిస్టులకు, తెలివి వచ్చి నమ్మి తానుగా నీళ్ళలో దిగితేనే అది బాప్తిస్మం.

"నలభై రోజుల పిల్లప్పుడు దాన్ని ఈ చేతుల్లో పట్టుకున్నాను," అన్నారు మాస్టారు. నాతో అంటున్నా వినిపించేది చెల్లెలికి. "అయ్యగారు మూడుసార్లు నీళ్ళు పోశారు. నేను ప్రమాణం చేశాను. ఇప్పుడు మళ్ళీ ముంచాలంటే అప్పుడు జరిగిందేమిటి? పిల్లకు స్నానం చేయించామా?"

"అన్నయ్యా, నేనేమైనా అన్నానా?" అన్నారావిడ. "వాక్యంలో ముంచడమే ఉంది. ఉన్నది చెప్పాను."

"చెప్పావు కదా. మరి నాన్న? ఆయనకు చిలకరింపే. బాప్తిస్మం లేకుండా పోయాడా?"

ఆవిడ మాట్లాడలేదు. నాన్న మాట వచ్చేసరికి ఇద్దరూ కిటికీ వైపు తిరిగారు. అప్పటిదాకా ఊరుకున్న వదినగారు, "మీరిద్దరూ కాస్త ఆగండి. అమ్మాయి ఏమంటుందో ఎవరైనా అడిగారా?" అన్నారు. ఎవరూ అడగలేదన్నది వాళ్ళ ముఖాలే చెప్పినవి.

ఇరవై ఎనిమిదేళ్ళపాటు మద్రాసులో, లండన్‌లో మహాపండితులు తర్జనభర్జన పడిన ముడి ఇదే కదా అనుకున్నాను. అక్కడ పట్టం, ఇక్కడ బాప్తిస్మం. మళ్ళీ చేయమన్నవాడికి అది చిన్న కోరిక. చేయించుకోవలసినవాడికి గడిచిన బతుకంతా కొట్టివేత. అయితే అబ్బాయి తరఫువారిని మొండివాళ్ళనడానికి నాకు నోరు రాలేదు. ఆ పక్క నేల కథ తెలిసినవాళ్ళకు రాదు. గుండ్లకమ్మ ఈ నల్లమలలోనే పుట్టి ఒంగోలు వైపు పారుతుంది. గొప్ప కరువు నడుస్తున్న రోజుల్లో, 1878 జూలై 3న, ఆ ఏటిలో ఒక్కరోజునే 2,222 మంది దిగి బాప్తిస్మం పొందారు. క్లౌ దొరగారి కాలం అది. ఊరికి దూరంగా పెట్టబడిన మనిషి, తన ఇష్టంతో, తన కాళ్ళతో ఏటిలోకి నడిచిన రోజు. ఆ మనిషి మునిమనవడికి నీళ్ళలో దిగడమంటే ఏమిటో మాస్టారికి తెలియదా? తెలుసు. పసిబిడ్డ ఏమీ అడగకముందే దేవుడు దాన్ని తనదనుకుంటాడన్నది మాస్టారి ప్రాణమని అబ్బాయి తరఫువారికీ తెలిస్తే బాగుండును.

వినుకొండలో బండి ఆగింది. మల్లెపూల బుట్టతో ఒక అమ్మాయి కిటికీ దగ్గరికి వచ్చింది. తెల్లచీర పెద్దావిడ చేయి బయటికి చాచి, బేరమాడి, రెండు మూరలు కొన్నారు. కొని వదినగారి ఒడిలో పెట్టారు. "వదినకు మల్లెలంటే ప్రాణం," అన్నారు నాతో, సంజాయిషీ చెబుతున్నట్టు. తాను తలలో పువ్వు పెట్టి నలభై ఏళ్ళయిందట. వదినగారు నవ్వి, పూలు తురుముకుని, క్యారేజీ విప్పి ముందుగా ఆడబిడ్డకే పులిహోర పెట్టారు. మాస్టారు ప్రార్థన మొదలుపెట్టారు. ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. తరువాత నాకూ ఒక ఆకులో పెట్టారు, పులిహోర బాగుంది. మార్కాపురంలో దిగిపోయారు. సంబంధం ఏమైందో నాకు తెలియదు.

పౌలు గారు రోమాలోని క్రైస్తవులకు ఉత్తరం రాసేనాటికి, అంటే దాదాపు క్రీస్తుశకం 57 నాటికి, అక్కడా ఇదే తంటా. ఒకడు ఏదైనా తింటాడు, ఒకడు కూరగాయలే తింటాడు. ఒకడికి ఒకరోజు పవిత్రం, ఒకడికి అన్ని రోజులూ సమానమే. ఈ రోజుల గొడవ మనకు కొత్తా? మా ఇంటి పంచాంగంలో స్మార్తులకు ఒకనాడు, వైష్ణవులకు మరునాడు ఏకాదశి వచ్చినప్పుడు మా అమ్మ, మా మేనత్త ఎవరి ఉపవాసం వాళ్ళు ఉండి, ఎదుటివాళ్ళు తింటూంటే చూసే చూపు నాకు బాగా గుర్తు. పౌలు గారు ఎవరికి ఏ బుద్ధి చెప్పారో చూస్తే భాష చదువుకున్నవాడికి ముచ్చట వేస్తుంది. తినేవాడితో, తిననివాణ్ణి చులకన చేయకు అన్నారు. తిననివాడితో, తినేవాడికి తీర్పు తీర్చకు అన్నారు. ఇద్దరికీ ఒకే మాట చెప్పలేదు. స్వేచ్ఛగా ఉండేవాడికి వచ్చే జబ్బు వెక్కిరింత. నిష్ఠగా ఉండేవాడికి వచ్చేది తీర్పరితనం. పూలు పెట్టుకున్నవాళ్ళు తెల్లచీరను చూసి నవ్వుతారు, తెల్లచీర పూలను చూసి నిట్టూరుస్తుంది. ఏది తిన్నా దోషం లేదన్నదే తన అభిప్రాయమని పౌలు గారు దాచలేదు. అయినా తన పక్షం గెలిపించుకోవడానికి ఆ ఉత్తరాన్ని వాడుకోలేదు. తెలుగులో తీర్పు అనే మాట తీరడం నుంచే పుట్టింది. తీర్పు చెప్పామంటే అక్కడితో తీరిపోయిందన్నమాట. ఇక ఆ మనిషితో మాట్లాడవలసిన పని లేదు.

నల్లమల దాటేటప్పుడు సొరంగంలో బోగీ అంతా చీకటి కమ్మింది. ఆ అడవి గురించి ఒక వ్యాసం వేరే రాయవచ్చు. నంద్యాల చేరేసరికి ఎండ మాడుతున్నది. 2022 నుంచి జిల్లా కేంద్రమైంది కదా, రోడ్ల మీద హడావుడి పెరిగింది. మహానంది వెళ్ళే యాత్రికులు, ధాన్యం లారీలు, ఆటోలు. వాటి మధ్య హోలీ క్రాస్ కెథీడ్రల్ ఆవరణలోకి అడుగు పెడితే చప్పుడు కాస్త వెనకబడుతుంది.

ఇక్కడివాళ్ళు 1947లో చేరకపోవడానికి కారణం, వెనకటి నుంచి వాళ్ళకు నేర్పినదే. చేతుల గొలుసు తెగితే రొట్టె ఉత్త రొట్టె అవుతుందని వాళ్ళు నమ్మారు. నేర్పినదాన్ని నిజమని నమ్మడం తప్పా? కాని చుట్టుపక్కల ఐక్యతలో చేరినవాళ్ళూ ఉన్నారు. అందువల్ల ఒకే ప్రార్థనపుస్తకం చదువుకుని పెరిగినవాళ్ళు రెండుగా విడిపోయారు. బయటివాళ్ళు ఈ నిలిచిపోయినవాళ్ళకు పేర్లు పెట్టడం ఎంత సులువో ఊహించుకోవచ్చు. ఏళ్ళు గడిచినవి. 1970 నవంబరు 29న నాగపూరులో ఉత్తరదేశపు సంఘాలు కూడా కలిసిపోయి, నంద్యాల ఆనుకుని ఉన్న పాత ఆంగ్లికన్ సంఘం ఆ కొత్త సంఘంలో లీనమైంది. ఆ తరువాతనే నంద్యాలవారు దక్షిణ ఇండియా సంఘంలోకి వచ్చారు. ఇప్పుడది కూడా సి.ఎస్.ఐ. డయాసిసే. ముప్ఫై ఏళ్ళు ఆగుదామని 1947లో పెద్దలు పెట్టుకున్న గడువు ఇంకా పూర్తి కాకముందే, రామన్నవాళ్ళు వచ్చి కూర్చున్నారు. కలిసినంత మాత్రాన తగవులు పోయినవని నేను చెప్పను. ఎక్కడైనా మనుషులున్నంతకాలం పదవుల మీద, స్థలాల మీద తగవులుంటాయి. గొలుసు తగవు మాత్రం పోయింది.

గుడి నీడలో ఒక వృద్ధుడు కూర్చుని ఉన్నాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. పక్కనున్న పల్లెటూరు తనది. మనవడికి సర్టిఫికెట్ పని మీద వచ్చాడు. తన చిన్నతనంలో ఆ ఊళ్ళో చేరినవాళ్ళవి కొన్ని ఇళ్ళు, చేరనివాళ్ళవి కొన్ని ఇళ్ళు అని చెప్పాడు. అప్పుడెలా ఉండేదని అడిగాను.

"ఏముంది సార్, ఆదివారం వీళ్ళు ఇట్ట, వాళ్ళు అట్ట పోయేవాళ్ళు," అన్నాడు. "మా అమ్మ ఇటు, మా పెద్దమ్మ అటు. గుడికి పోయేంతవరకు ఇద్దరూ ఒకే దారి. రావి చెట్టు కాడ విడిపోయేవాళ్ళు. మళ్ళా తిరిగొచ్చేటప్పుడు ముందొచ్చినామె ఆ చెట్టు కింద కూచునేది, రెండో ఆమె వచ్చేదాకా."

"ఏమీ అనుకునేవాళ్ళు కాదా?"

"ఎందుకనుకోరు? మా పాదిరి మంచోడంటే మా పాదిరి మంచోడని దారి పొడుగునా అరుచుకునేవాళ్ళు. ప్రసంగం ఎవరిది పొడుగైతే ఆరోజు రెండో ఆమెకు ఎండలో కాపలా." అతను పళ్ళు లేని నోటితో నవ్వాడు. "మా అమ్మ పోయినప్పుడు రెండు గుళ్ళ పాదిర్లూ వచ్చినారు. ఎవరు ముందు ప్రార్థన చేయాలనేది వచ్చింది. మా పెద్దమ్మ చెప్పింది, ఆమె ఎవరికోసం కూచునేదో ఆళ్ళ పాదిరి ముందు చేయనీయండి అని."

"అంటే పెద్దమ్మ గారి పాదిరి?"

"ఆఁ. మా అమ్మ పాదిరి ఏమీ అనలా. తర్వాత చేసినాడు."

లోపలినుంచి ఎవరో అతన్ని పిలిచారు, సర్టిఫికెట్ సిద్ధమైందట. కర్ర ఊతంగా లేచి వెళ్ళాడు. నేను చూడవలసిన పుస్తకాల అలమార తాళంచెవి ఉన్న మనిషి మధ్యాహ్నం దాటితేగాని రాడన్నారు. ఆ నీడలోనే కూర్చున్నాను.